పుట్టుక నుంచి ముసలితనం దాకా: మిల్లు మనిషి వయసులు

(మన సంఘం ఆదివారం తరగతిలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో ఇంతవరకు పి.ఎఫ్. గురించి, గ్రాట్యుటీ గురించి, బోనస్ లెక్కల గురించి చెప్పుకున్నాం. ఈ వారం మనస్తత్వ శాస్త్రం అనగానే కొందరు మిత్రులు నవ్వారు. "అది డాక్టర్ల వ్యవహారం గదా, మనకెందుకు?" అన్నారు. మేము డాక్టర్లం కాము. బడి చదువు చదివి, రింగ్ ఫ్రేము ముందు తెగిన పోగులు అతికి, ఆ తర్వాత సంఘం పనిలోకి వచ్చిన వాళ్ళం. అయినా ఈ విషయం మనది కూడానని చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాం.

టైమ్ ఆఫీసు రిజిస్టరులో మనిషికి రెండే వయసులు. చేరిన వయసు ఒకటి, వెళ్ళిపోయే వయసు ఒకటి. ఆ రెంటి మధ్య మనిషి ఎలా మారాడు, చేరకముందు ఎలా పెరిగాడు, వెళ్ళిపోయాక ఏమయ్యాడు అనేది ఆ రిజిస్టరుకు పట్టదు. శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం పసిపిల్లల్నే చూశారు. ఇరవై ఏళ్ళు వస్తే మనిషి తయారైపోయినట్టే, ఇక మిగిలింది అరిగిపోవడమే అనుకున్నారు. గత శతాబ్దం మధ్య నుంచి ఆ ఆలోచన మారింది. పుట్టింది మొదలు పోయేదాకా మనిషి మారుతూనే ఉంటాడని, ప్రతి వయసులోనూ కొంత పోతుంది, కొంత వస్తుందని ఇప్పుడు చెబుతున్నారు. జర్మనీ దేశపు పాల్ బాల్టెస్ అనే ఆయన ఈ మాటను గట్టిగా నిలబెట్టాడు.

ఈ శాస్త్రంలో పెద్ద పేరు ఎరిక్ ఎరిక్‌సన్‌ది. 1902లో జర్మనీలో పుట్టి, 1994లో అమెరికాలో చనిపోయాడు. కాలేజీ డిగ్రీ లేని మనిషి. అయినా హార్వర్డు విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. (బడి చదువు వాళ్ళం గనుక ఈ సంగతి మాకు కొంచెం ఎక్కువ నచ్చింది.) మనిషి జీవితం ఎనిమిది మెట్లని, ఒక్కో మెట్టు మీద ఒక్కో చిక్కు ఎదురవుతుందని, దాన్ని దాటిన తీరును బట్టి తర్వాతి మెట్టు ఉంటుందని 1950లో అచ్చయిన పుస్తకంలో రాశాడు.

ఈయనను మనం తలుచుకోవడానికి ఇంకో కారణం ఉంది. 1962లో ఈయన అహ్మదాబాదు వచ్చాడు. అక్కడ 1918లో జరిగిన మిల్లు కార్మికుల సమ్మె సంగతులు విని, అప్పటివాళ్ళలో బతికున్నవాళ్ళతో మాట్లాడి, దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఆ సమ్మె కథ మన పాత మిత్రులకు తెలుసు. ప్లేగు రోజుల్లో ఇచ్చిన బోనసు తీసేశారు, ధరలు పెరిగాయి. కార్మికులు 35 శాతం పెంపు అడిగారు, యజమానులు 20 శాతం దగ్గర ఆగారు, ఫిబ్రవరి 22న లాకౌటు పెట్టారు. మార్చి 15న గాంధీ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. మూడు రోజుల్లో విషయం మధ్యవర్తి చేతికి వెళ్ళింది, చివరకు 35 శాతమే తీర్పు వచ్చింది. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయి, కార్మికుల పక్షాన ఆయన సొంత అక్క అనసూయా బెన్. ఒకే ఇంటి వాళ్ళు గేటుకు అటొకరు, ఇటొకరు.

మన కోయంబత్తూరుకు ఇది వింత కాదు. ఇక్కడా యజమాని ఇంట్లో తెలుగే, సైడరు ఇంట్లో తెలుగే. భాష ఒకటైనంత మాత్రాన కూలి పెరగదని మన తాతలకు తెలుసు.

మరి మనస్తత్వ శాస్త్రజ్ఞుడికి ఈ సమ్మెలో పనేమిటి? అప్పటికి గాంధీ వయసు 48. ఆ వయసులో మనిషిలో ఒక ప్రశ్న లేస్తుందంటాడు ఎరిక్‌సన్. "నా తర్వాత వచ్చేవాళ్ళకు నేను ఏం నిలబెట్టి పోతున్నాను?" అనేది ఆ ప్రశ్న. దానికి జవాబు దొరికినవాడు ముందుకు వెళతాడు, దొరకనివాడు ఉన్నచోటే ఎండిపోతాడు. అలాగని ఆయన గాంధీని పొగిడి ఊరుకోలేదు. పుస్తకం మధ్యలో గాంధీకే ఉత్తరం రాసినట్టు రాసి, సొంత ఇంటివాళ్ళ పట్ల ఆయన తీరును నిలదీశాడు. ఆ పుస్తకం 1969లో వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి పొందింది. నలభై ఎనిమిదో ఏటి ఈ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాం. మన మధ్య ఆ వయసు వాళ్ళే ఎక్కువ.

ముందు చంటిబిడ్డ సంగతి. మొదటి ఏడాది బిడ్డ నేర్చుకునే మొదటి పాఠం, ఏడిస్తే ఎవరైనా వస్తారా రారా అన్నది. వస్తారని తేలితే లోకం మీద నమ్మకం కుదురుతుంది. ఇంగ్లండులో జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో తల్లి సాన్నిహిత్యం బిడ్డకు ఎంత అవసరమో రాశాడు. దాన్ని పట్టుకుని "ఆడవాళ్ళు పనికి వెళితే పిల్లలు చెడతారు" అన్నవాళ్ళు బయలుదేరారు. అది సరికాదు. అమెరికాలో 1991లో మొదలుపెట్టి వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. తల్లి ఒక్కతే పెంచిన బిడ్డకూ, ఇతరుల చేతిలో కూడా పెరిగిన బిడ్డకూ పెద్ద తేడా కనపడలేదు. చూసుకునే చేయి మంచిదా కాదా అన్నదే లెక్కకు వచ్చింది. ఆ చేయి అవ్వది కావచ్చు, అత్తది కావచ్చు, మిల్లు శిశు సంరక్షణ గదిలో ఆయాది కావచ్చు. ఒక ఆయాకు ఎంతమంది పిల్లలు, ఆ ఆయా నెలనెలా మారిపోతోందా అనేవి అడగవలసిన ప్రశ్నలు. గదికి రంగు వేసి, బయట బోర్డు తగిలిస్తే సరిపోదు. వైండింగు అక్కచెల్లెళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మాట నేర్చే వయసు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఇళ్ళల్లో రోజూ జరిగే తగవు. మదురైలో విశ్వనాథ నాయకుని కాలం, అంటే పదహారో శతాబ్దం నుంచి మనవాళ్ళున్నారు. కోయంబత్తూరు చుట్టూ నాయుళ్ళ ఇళ్ళల్లోనూ, అరుంధతీయుల వీధుల్లోనూ తెలుగు వినపడుతుంది. చాలామందికి తెలుగు అక్షరం రాదు, అయినా నాలుగైదు వందల ఏళ్ళుగా మాట నిలిచింది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో అమ్మానాన్నలు బిడ్డతో తెలుగు మానేస్తున్నారు. "ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, మూడూ కలిస్తే పిల్లవాడి బుర్ర తికమకవుతుంది" అంటున్నారు. కొందరు టీచరమ్మలూ ఇదే చెబుతున్నారట.

ఒకప్పుడు పండితులు కూడా ఇలాగే అనుకున్నారు. 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అనే ఇద్దరు పదేళ్ళ పిల్లల్ని పరీక్షించారు. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చిన పిల్లలు ఒక్క భాషే వచ్చిన వాళ్ళకంటే బుద్ధి పరీక్షల్లో ముందున్నారు. అది డబ్బున్న దేశం సంగతి అనవచ్చు. మన ఒరిస్సాలోని కోంధు గిరిజనుల పిల్లల మీద అజిత్ మొహంతి ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఇంటి భాష కుయీ పోగొట్టుకుని ఒడియా ఒక్కటే మిగిలిన పిల్లలకంటే, రెండూ నిలుపుకున్న పిల్లలే మెరుగుగా కనపడ్డారు. రెండేళ్ళు దాటేసరికే బిడ్డకు ఎవరితో ఏ మాట మాట్లాడాలో తెలుస్తుంది. అవ్వతో "నీళ్ళు" అంటుంది, పక్కింటి పిల్లతో "తన్ని" అంటుంది. అది తికమక కాదు, లెక్క. ఒక్కో భాషలో విడివిడిగా మాటలు కొంచెం తక్కువ ఉండవచ్చు. రెండూ కలిపి లెక్కిస్తే తక్కువ కాదు. తమిళం బాగా నేర్పండి, అది మనం బతికే ఊరి మాట. దానికోసం అవ్వ నోరు కట్టేయక్కరలేదు.

బడి వయసు. ఆరు నుంచి పన్నెండు దాకా. స్విట్జర్లాండుకు చెందిన జాఁ పియాజె పిల్లల ఆలోచన ఎలా పెరుగుతుందో చెప్పిన పెద్దమనిషి. మన భాషలో చెప్పాలంటే, ఒకే తూకం నూలును చిలపగా చూపించి, తర్వాత బిగువుగా కోనుకు చుట్టి చూపిస్తే, అయిదేళ్ళ బిడ్డ "తగ్గిపోయింది" అంటుంది. ఎనిమిదేళ్ళ బిడ్డ "అదే నూలు గదా" అని నవ్వుతుంది. ఎవరూ పాఠం చెప్పకపోయినా ఆ మార్పు వస్తుంది, కాని చేతితో తాకి, విప్పి, చుట్టి చూసే వీలు ఉండాలి. ఈ వయసులో బిడ్డకు కావలసింది "నాకు ఇది వచ్చు" అన్న ధైర్యం అంటాడు ఎరిక్‌సన్. అది దొరకకపోతే "నేను ఎందుకూ పనికిరాను" అన్న మాట లోపల గూడు కట్టుకుంటుంది.

మరి ఈ వయసు పిల్లలు ఒకప్పుడు ఎక్కడున్నారు? 1888లో కోయంబత్తూరులో స్టేన్స్ మిల్లు మొదలైనప్పుడు అమలులో ఉన్నది 1881 నాటి ఫ్యాక్టరీ చట్టం. ఏడేళ్ళు నిండిన బిడ్డ చేత రోజుకు తొమ్మిది గంటలు పని చేయించవచ్చని ఆ చట్టం. 1891లో ఏడును తొమ్మిదేళ్ళు చేశారు, గంటలు ఏడు చేశారు. 1922లో పన్నెండేళ్ళు, ఆరు గంటలు. 1934లో అయిదు గంటలు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో పద్నాలుగేళ్ళు, నాలుగున్నర గంటలు. ఏడు నుంచి పద్నాలుగుకు రావడానికి 67 ఏళ్ళు పట్టింది. బిడ్డ ఎప్పటిదాకా బిడ్డ అనే ప్రశ్నకు పండితులు పుస్తకాల్లో జవాబు వెతికారు. మనవాళ్ళు గేటు దగ్గర వెతికారు.

ఆ ప్రశ్న తీరిపోయిందా? లేదు. ఇప్పుడు తగవు పద్నాలుగు మీద కాదు, పదిహేను, పదహారు, పదిహేడు మీద.

పన్నెండు దాటాక మనిషి రెండోసారి పుడతాడంటారు. ఒళ్ళు మారుతుంది, గొంతు మారుతుంది, "నేను ఎవరిని, నేను ఏమవుతాను" అనే ప్రశ్న మొదలవుతుంది. ఎరిక్‌సన్ చెప్పిన ఎనిమిది మెట్లలో అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడుకునే మెట్టు ఇదే. ముందు వెనుకలు చూసి నిర్ణయం తీసుకునే మెదడు భాగం ఇరవై అయిదేళ్ళ దాకా ముదురుతూనే ఉంటుందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. అందుచేత ఈ వయసు పిల్లలు తప్పులు చేస్తారు, స్నేహితుల మాట అమ్మానాన్న మాటకంటే తీపిగా ఉంటుంది, ఒక రోజు పోలీసవుతానని, మర్నాడు నర్సునవుతానని అంటారు. అనాలి. నాలుగు చొక్కాలు తొడిగి చూస్తేనే ఒకటి సరిపోతుంది.

ఇప్పుడు ఒక పదహారేళ్ళ పిల్లను తీసుకుపోయి మిల్లు హాస్టల్లో పెట్టండి. 1990ల చివరి నుంచి కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడ్, దిండిగల్ జిల్లాల్లో జరుగుతున్నది ఇదే. మూడేళ్ళ ఒప్పందం, చివర ఒక్కసారిగా కొంత మొత్తం, అది పెళ్ళి ఖర్చుకు. సుమంగళి పథకమని ముద్దు పేరు. మన జనం "క్యాంపు కూలీ" అంటారు, ఆ పేరే సరైనది. 2011లో నెదర్లాండ్స్ సంస్థలు దీనిమీద నివేదిక వేశాక పై దేశాల బట్టల కంపెనీలు ఉలిక్కిపడ్డాయి. పేర్లు మార్చారు. హాస్టళ్ళు మిగిలాయి. మేము కూలి సంగతి, గంటల సంగతి చాలాసార్లు చెప్పాం. ఈ రోజు ఇంకో నష్టం చెబుతున్నాం. "నేను ఎవరిని" అని అడగవలసిన మూడేళ్ళూ ఆ పిల్ల లేవడం, తినడం, నడవడం, ఫోను మాట్లాడడం అన్నీ ఇంకొకరి గంట మీద జరిగాయి. ఒక్క నిర్ణయం తను తీసుకోలేదు. మూడేళ్ళ తర్వాత బయటికి వచ్చి, తనకు తెలియని మనిషి ఇంటికి కోడలిగా వెళ్ళింది. పోయిన పి.ఎఫ్.ను దరఖాస్తు పెట్టి తెచ్చుకోవచ్చు. ఆ మూడేళ్ళకు దరఖాస్తు ఫారం లేదు.

"మరి మేము పదిహేనో ఏట పనిచేయలేదా, చెడిపోయామా?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో గ్లెన్ ఎల్డర్ అనే ఆయన 1930ల ఆర్థిక మాంద్యంలో తండ్రుల సంపాదన పోయిన ఇళ్ళ పిల్లల్ని పరిశీలించి 1974లో పుస్తకం వేశాడు. ఆ కష్టకాలంలో పది పన్నెండేళ్ళు దాటిన పిల్లలు చిన్నచిన్న పనులు చేసి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చారు, ఇంటిపని మోశారు. తమ అవసరం ఇంటికి ఉందన్న తలంపుతో వాళ్ళలో చాలామంది గట్టిపడ్డారు. ఎక్కువ దెబ్బ తిన్నది అప్పటికి మరీ చిన్నగా ఉన్న మగపిల్లలు. కాబట్టి పని చేయడమే విషం అని మేము అనడం లేదు. బడి ఉండి, ఇల్లు ఉండి, సాయంత్రం ఇంటికి చేయి కలపడం ఒకటి. ఇంటికి నూరు మైళ్ళ దూరంలో గేటు లోపల మూడేళ్ళు ఉండడం ఇంకొకటి.

ఇరవై, ముప్ఫై ఏళ్ళ వాళ్ళ గురించి ఈ పుస్తకాల్లో ప్రేమ, పెళ్ళి, స్నేహం అని ఉంది. బదిలీ కార్మికుడిగా పదేళ్ళు తిరిగి, పర్మనెంటు కాక, పెళ్ళి వాయిదా వేసుకుంటున్న మన కుర్రాళ్ళను చూస్తే ఆ మెట్టు ఎందుకు ఆలస్యమవుతోందో తెలుసుకోవడానికి పుస్తకం అక్కరలేదు. అది వేరే తరగతిలో మాట్లాడదాం.

ఇక నలభై ఎనిమిది, యాభై. నా తర్వాత వాళ్ళకు ఏం ఇస్తున్నాను అనే వయసు. సరిగ్గా ఆ వయసులో మిల్లు మూతపడితే? 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఎన్.టి.సి. మిల్లుల్లో యంత్రాలు ఆగినప్పుడు మన బంధువుల ఇళ్ళల్లో చూశాం. అంతకు ముందు ప్రైవేటు మిల్లులు మూతపడినప్పుడూ చూశాం.

దీనిమీద ప్రపంచంలో మొదటి పెద్ద పరిశోధన జరిగింది కూడా ఒక బట్టల మిల్లు ఊళ్ళోనే. ఆస్ట్రియా దేశంలో వియన్నా దగ్గర మారియంథాల్ అనే ఊరు. ఊరంతా ఒక మిల్లు మీద బతికేది. 1930 ప్రాంతంలో అది మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే యువ పరిశోధకులు అక్కడికి వెళ్ళి ఇల్లిల్లూ చూసి, 1933లో పుస్తకం వేశారు. పని లేదు గనుక చదువుకుంటారు, సంఘం పనులు చేస్తారు అనుకుంటాం గదా? జరిగింది తలకిందులు. గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడం తగ్గింది. పత్రికలు చదవడం తగ్గింది. పరిశోధకులు కిటికీలో గడియారం పెట్టుకుని వీధిలో నడిచేవాళ్ళను చూశారు. మగవాళ్ళు నెమ్మదిగా నడుస్తున్నారు, మాటిమాటికి ఆగుతున్నారు. ఆడవాళ్ళు త్వరగా నడుస్తున్నారు, ఎందుకంటే వాళ్ళకు పొయ్యి ఉంది, పిల్లలున్నారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేశావని అడిగితే మగవాడు చెప్పలేకపోయాడు. క్రిస్మసుకు ఏం కావాలో రాయమని పిల్లల్ని అడిగారు. పక్క ఊళ్ళ పిల్లల కోరికల ఖరీదులో సుమారు మూడో వంతే ఆ ఊరి పిల్లల కోరికలు. అవి కూడా "అమ్మానాన్నల దగ్గర డబ్బుంటే" అని మొదలుపెట్టి రాశారు కొందరు.

మన వీధి అరుగుల మీద కూర్చున్న పాత డాఫర్లను, కార్డింగు వాళ్ళను తలుచుకోండి. పొద్దున ఏడు గంటలకు కూత వినపడకపోతే ఎక్కడికి వెళ్ళాలో తెలియని మనుషులు. "తాగుబోతయ్యాడు, బద్ధకస్తుడయ్యాడు" అని ఇంట్లోవాళ్ళు అంటారు. పని జీతం మాత్రమే ఇవ్వదు, రోజుకు ఒక ఆకారం ఇస్తుంది, నలుగురిని ఇస్తుంది, "ఫలానా మిల్లు సైడరు" అనే పేరు ఇస్తుంది అని యహోదా తర్వాత రాసింది. అన్నీ ఒక్కరోజున పోతే మనిషి నడక నెమ్మదిస్తుంది. వదినలారా, ఇంట్లో ఆయనను తిట్టే ముందు ఈ సంగతి ఒకసారి తలుచుకోండి. అన్నలారా, మీరు కూడా సంఘం ఆఫీసుకు రండి. జీతం ఇవ్వలేం గాని, క్లెయిము ఫారాలు నింపడానికి, కుర్రవాళ్ళకు చట్టం చెప్పడానికి మనుషులు కావాలి.

"యాభై దాటినవాడికి చురుకు తగ్గుతుంది, వెళ్ళిపొమ్మనండి" అనే మేనేజర్ల మాటకూ జవాబుంది. కొత్త చిక్కును చటుక్కున విప్పే తెలివి ఒకటి, అనుభవంతో పోగైన తెలివి ఒకటి అని రేమండ్ కాటెల్ విడదీశాడు. మొదటిది యవ్వనం తర్వాత మెల్లగా తగ్గుతుంది, రెండోది చాలా ఏళ్ళు నిలుస్తుంది, పెరుగుతుంది కూడా. 1984లో తిమోతీ సాల్ట్‌హౌస్ అనే ఆయన 19 నుంచి 72 ఏళ్ళ దాకా ఉన్న టైపిస్టులను పరీక్షించాడు. పెద్దవాళ్ళ వేళ్ళకు చురుకు తగ్గింది నిజమే, కాని టైపు చేయడంలో వెనకబడలేదు. ముందు రాబోయే అక్షరాలను చిన్నవాళ్ళకంటే ఇంకా దూరం చూసి సిద్ధపడుతున్నారు. రింగ్ ఫ్రేము దగ్గర పాత సైడరు చేసేది అదే. పోగు తెగాక పరుగెత్తడు, తెగబోయే వైపు ముందే వెళ్ళి నిలబడతాడు.

చివరి మెట్టు. పెన్షను వయసు 58 దాటాక మనిషి వెనక్కి తిరిగి చూస్తాడు. బతికింది బతుకే అని ఒప్పుకోగలిగితే ఒక నెమ్మది వస్తుంది, లేకపోతే చేదు మిగులుతుంది. ఈ వయసులో భయపెట్టేది మతిమరుపు జబ్బు. పేర్లు మరవడం కాదు, ఇంటి దారి మరవడం. మన ఇళ్ళల్లో దాన్ని "వయసు మీద పడింది" అని వదిలేస్తారు. అది జబ్బు, డాక్టరుకు చూపించవలసిందే.

దీని గురించి మన తెలుగు నేల మీదే ఒక పెద్ద పరిశోధన జరిగింది. హైదరాబాదు నిజామ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె తోటివాళ్ళు ఈ జబ్బు వచ్చిన 648 మంది వివరాలు చూసి 2013లో ప్రకటించారు. వారిలో 391 మందికి రెండు లేక అంతకుమించి భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవాళ్ళకంటే వీళ్ళకు జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు వల్ల కాబోలు అనుకుంటారేమో. అక్షరం రానివాళ్ళలోనూ ఇదే తేడా కనపడింది. రెండు భాషలు జబ్బును రాకుండా ఆపవు, ఆలస్యం చేయవచ్చు, అంతే. ఇతర చోట్ల జరిగిన కొన్ని పరిశోధనల్లో ఈ తేడా కనపడలేదు గనుక పండితుల్లో వాదం నడుస్తూనే ఉంది. అయినా, ఇంట్లో తెలుగు, మిల్లులో తమిళం మాట్లాడుతూ, సంతకం బదులు వేలిముద్ర వేసి బతికిన మన అవ్వలు ఆ లెక్కలో కనపడే మనుషుల్లాంటి వాళ్ళే.

ఇంట్లో దారి మరిచే పెద్దలు ఉన్నవాళ్ళు ఎన్ని నెలలుగా, ఏ ఏ సంగతులు మరుస్తున్నారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి, డాక్టరుకు పని తేలికవుతుంది. ఇ.ఎస్.ఐ. కార్డు వెంట పెట్టుకోండి. కార్డులో తల్లిదండ్రుల పేర్లు చేర్చని వాళ్ళు చేతులెత్తండి, ఫారాలు ఇక్కడే బల్ల మీద ఉన్నాయి.